గండాచార్యుడెవరు? - తెలుగు అక్షర రూపాల చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

తెలుగు ఎమ్మే చదివిన ప్రతి విద్యార్థికీ నందంపూడి శాసనం పేరు తెలుసు. క్రీ.శ. 1053లో రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు అగ్రహారం యిస్తూ వేయించిన తామ్రశాసనం అది. దాన్ని రచించినవాడు నన్నయభట్టు గనక మన సాహిత్య చరిత్రకారులు ఆ రాగిరేకుల్ని కళ్లకద్దుకున్నారు. నన్నయ కాలనిర్ణయానికీ, నారాయణభట్టుతో ఆయన స్నేహానికీ దాన్నే సాక్ష్యంగా తెచ్చారు. అయితే అదే శాసనం చివర మరొక పేరు కూడా వుంది. కావ్యకర్త నన్నియభట్టు అని చెప్పిన చోటనే, లేఖకుడు గండాచార్యుడు అని కూడా వుంది. అదే రాజు వేయించిన కోరుమిల్లి శాసనానికి కర్త వేరొకరు. లేఖకుడు మాత్రం మళ్లీ యీ గండాచార్యుడే. అంటే ఆస్థానంలో కవులు మారినా రాతపని చేసే చెయ్యి ఒకటే అన్నమాట.

ఎవరీ గండాచార్యుడు? ఏ కులం వాడు? కమ్మటం పనివాడా, కంసాలియా? రాగిరేకు మీద అక్షరాలు గీసి యిచ్చినవాడా, చెక్కినవాడా, రెండూ చేసినవాడా? నన్నయ మీద గ్రంథాలు బీరువాల కొద్దీ వచ్చాయి. గండాచార్యుడి మీద ఒక పేజీ రాలేదు. సాహిత్యానికి భౌతిక పునాది వెతుకుతామని చెప్పుకునే మన విమర్శకులు కూడా భూస్వామ్యం గురించి, రాజాస్థానాల గురించి రాశారే గాని, ఆ సాహిత్యం ఏ చేతుల మీదుగా, ఏ పనిముట్లతో అక్షరంగా మారిందో అడగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న అడగడానికే.

మన లిపి గురించి మాట్లాడేటప్పుడు మామూలుగా వినబడేది పొగడ్త. ముత్యాల్లాంటి అక్షరాలు, గుండ్రని సొగసు, తెలుగువాడి సౌందర్యదృష్టి వగైరా. అక్షరం గుండ్రనైంది తెలుగువాడి హృదయం గుండ్రంగా వుండటం వల్ల కాదు. తాటాకు మీద యినప గంటంతో రాసే దేశాల్లో అక్షరాలు గుండ్రనయ్యాయి. ఆకు ఈనె నిలువుపొడుగునా నడుస్తుంది. దాని వెంట పదునైన మొనతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది. అందుకే మనకే గాక మలయాళానికీ, ఒడియాకూ, సింహళానికీ, సముద్రం అవతల బర్మీస్‌కూ గుండ్రని లిపులు వచ్చాయి. బెంగాలీ అక్షరం నెత్తిన తిన్నని గీత వుంటుంది. పక్కనే వున్న ఒడియాలో అదే గీత గొడుగులా వంగింది. బెంగాల్‌లో కలం, సిరా, ఒరిస్సాలో గంటం. ఇద్దరి హృదయాల్లో పెద్ద తేడా ఏమీ వుండి వుండదు.

ఈ సిద్ధాంతాన్ని కూడా గుడ్డిగా చెప్పకూడదు. రాతికి ఈనె లేదు, చీలే భయం లేదు. అయినా వేంగి ప్రాంతపు రాతి శాసనాల్లో, రాగిరేకుల్లో గుండ్రదనం కనిపిస్తుంది. కారణం వూహించడం కష్టం కాదు. శాసన పాఠాన్ని ముందు ఆకు మీదనో, బట్ట మీదనో రాసి యిస్తే, శిల్పి ఆ రాతనే రాతి మీదకి ఎక్కిస్తాడు. రాయి సొంత స్వభావం కంటే చేతి అలవాటు బలమైంది.

ఆ చేతి అలవాటు ఎక్కడ మొదలైందో చూడాలంటే భట్టిప్రోలు వెళ్లాలి. యిప్పటి బాపట్ల జిల్లాలోని ఆ వూళ్లో 1892లో అలెగ్జాండర్ రీ స్తూపాన్ని తవ్విస్తే ధాతుపేటికలు బయటపడ్డాయి. వాటి మీది రాతలు క్రీ.పూ. 3, 2 శతాబ్దుల నాటివని పండితులు లెక్క కట్టారు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అయితే అశోకుడి బ్రాహ్మికీ దీనికీ కొన్ని భేదాలున్నాయి. అక్కడ హల్లు ఉత్తగా రాస్తే దానిలో అకారం వున్నట్టే. భట్టిప్రోలులో ఆ అకారానికి కూడా విడిగా ఒక గీత గీశారు. మనం బడిలో 'క్'కి తలకట్టిస్తే 'క' అని చెబుతామే, దాదాపు అలాంటి ఆలోచన. ఆ గీతే మన తలకట్టు అయిందని నేననడం లేదు. మధ్యలో వెయ్యేళ్ల ఎడం వుంది. అకారాన్ని కంటికి చూపాలన్న అవసరం ఈ నేల మీద ఒకసారి కాదు, రెండుసార్లు కలిగిందనడం మాత్రం గమనించదగ్గది. ఆ పేటికల మీద కుబీరకుడనే రాజు పేరుంది. గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా వున్నాయి. వర్తకులు, దాతలు అందరూ తమ పేర్లు చెక్కించుకున్నారు.

అక్కడి నుంచి క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం దాకా - కడప జిల్లాలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన మొదటి తెలుగు శాసనం దాకా - లిపి నెమ్మదిగా కోణాలు పోగొట్టుకుంటూ వచ్చింది. అప్పటికి తెలుగు లిపి, కన్నడ లిపి అని రెండు లేవు. 11వ శతాబ్దిలో అల్బెరూనీ ఈ దేశపు లిపుల జాబితా చెబుతూ ఆంధ్రదేశంలో 'ఆంధ్రి' వుందన్నాడు. అయినా రెండు లిపులూ స్పష్టంగా విడిపోవడానికి ఆ తర్వాత మూడు, నాలుగు శతాబ్దాలు పట్టింది. మన తలకట్టు పైకి లేచి టిక్కు గుర్తులా నిలబడింది. కన్నడంవారి తలకట్టు అడ్డంగా పడుకుంది. ఈనాటికీ తెలుగు చదవగలిగిన పిల్లవాడు బళ్లారి బస్సు బోర్డును కూడబలుక్కోగలడు. భాషాభిమానం పేరుతో గోడలు కట్టేవాళ్లు ఆ బస్సు బోర్డు ముందు కాసేపు నిలబడితే బాగుంటుంది.

సాహిత్య విద్యార్థికి అక్షరరూపం ఎందుకు అక్కర అని అడిగేవారు ఒక్కసారి పాఠాంతరాల గొడవలోకి తొంగిచూడాలి. ప, వ అనే రెండక్షరాల్ని తీసుకోండి. తలకట్టు కిందిభాగానికి అంటుకుంటే వ, ఎడంగా వుంటే ప. తేడా యింతే. ఇక వకు పక్కన కొమ్ము తగిలిస్తే అది మలాగా కనిపించే ప్రమాదం వుంది. అందుకే కుకు కొమ్ము కుడిపక్కన పెట్టే మనం, పు, వులకు కిందుగా తోకలాగా లాగుతాం. ఏ వ్యాకరణ పండితుడూ ఈ సూత్రం చేయలేదు. తప్పు చదవకూడదని ఏ రాతగాళ్లో చేసుకున్న ఏర్పాటు అది. థకీ ధకీ తేడా లోపలి చుక్క, అంతే. పొడిబారిన ఆకు మీద ఆ చుక్క వుందో, పురుగు తొలిచిన చిల్లో చెప్పగలవాడెవడు? మా ఆరో తరగతి పిల్లలు 'విధ్యార్థి' అని రాస్తే ఎర్రసిరా పట్టుకుంటాం గాని, వేమన పద్యాలకూ, పోతన పద్యాలకూ ప్రతి ప్రతిలో మారిన పాఠాల్లో కొన్ని యిలాంటి చుక్కల మీదే నిలబడ్డాయి. సి.పి. బ్రౌన్ జీతాలిచ్చి పండితుల్ని, లేఖకుల్ని కూర్చోబెట్టి ప్రతులు పోల్పించింది ఈ చిక్కు తీర్చడానికే. బ్రౌన్ పేరు నిలిచింది. ఎత్తి రాసిన చేతుల్లో చాలావాటికి పేరు లేదు.

అచ్చు విషయానికొద్దాం. తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలు తెలుగుదేశంలో పుట్టలేదు. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మతప్రచారకుడు 1746, 47 సంవత్సరాల్లో జర్మనీలోని హాలే నగరంలో కొన్ని మతగ్రంథాలు తెలుగు అక్షరాల్లో అచ్చువేయించాడు. తర్వాత చెప్పుకోదగ్గది బెంగాల్‌లోని శ్రీరాంపురం. విలియం కేరీ తెలుగు వ్యాకరణం అక్కడ 1814లో అచ్చయింది. శ్రీరాంపురం అనగానే కేరీ గుర్తొస్తాడు. కాని అక్కడి అచ్చు అక్షరాల వెనక వున్నది పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్. కర్మకార్ అంటే కమ్మరి. 1778లో బెంగాలీ వ్యాకరణం కోసం చార్లెస్ విల్కిన్స్ పక్కన కూర్చుని ఉక్కుముక్క మీద అక్షరాన్ని తిరగేసి చెక్కే పని నేర్చినవాడు పంచానన్. ఆ కుటుంబం, వాళ్ల దగ్గర నేర్చిన పనివాళ్లు దేశభాషలెన్నింటికో అచ్చులు పోశారు. 1812 మార్చిలో ఆ ప్రెస్సు తగలబడి టైపంతా కరిగి ముద్దయితే, మిగిలిన పోతఅచ్చుల్లోంచి మళ్లీ అక్షరాలు పోసింది కూడా ఆ పనివాళ్లే. తాము కోసిన అక్షరాల్లో ఎన్ని భాషల్ని వాళ్లు చదవగలిగారో!

అదే 1812లో మద్రాసులో సెంటుజార్జి కోట కాలేజీ ఏర్పడింది. కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పడం దాని పని. క్యాంబెల్ వ్యాకరణం 1816లో, బ్రౌన్ ఛందస్సు 1827లో మద్రాసులోనే అచ్చయ్యాయి. వసూళ్లకూ, కోర్టులకూ భాష కావాలి. భాషకు పుస్తకం కావాలి. పుస్తకానికి అచ్చక్షరం కావాలి. తెలుగు టైపు మతప్రచారానికీ, వలస పాలనకూ పుట్టిన బిడ్డ అని ఒప్పుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు. అదే టైపుతో 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు ప్రెస్సు పెట్టి కావ్యాలు వేశారు. అదే టైపుతో కందుకూరి 1874 నుంచి వివేకవర్ధని నడిపాడు. మొదట మద్రాసులో అచ్చువేయించి, ఆ బాధలు పడలేక రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నాడు. పనిముట్టు ఎవరు తెచ్చారన్నది ఒక ప్రశ్న. ఎవరి చేతిలోకి వచ్చిందన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

అచ్చు అక్షరాన్ని గడ్డకట్టించింది. గంటం చేతికి రకరకాల మొగ్గు వుండేది, సీసానికి లేదు. అంతవరకూ రాతగాడి యిష్టం మీద వున్న సంగతులన్నీ ఇప్పుడు తగవులయ్యాయి. అరసున్న వుండాలా? బండి ఱ వుండాలా? ఏఱు అంటే నది, ఏరు అంటే ఏరుకోవడం. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే సంఖ్య. ఈ భేదాలు కల్పితాలు కావు. భాష పాత వుచ్చారణల ఆనవాళ్లు. కాని 19వ శతాబ్ది తెలుగువాడి నోట్లో అవి లేవు. బ్రౌన్ వాటిని పక్కన పెట్టాడు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వాటికి సూత్రాలు కట్టాడు. బళ్లలో సూరి గెలిచాడు. ఫలితంగా నోట్లో లేని అక్షరం కోసం, ఎక్కడ వుంటుందో బట్టీపడితే తప్ప తెలియని అరసున్న కోసం, రెండు మూడు తరాల పిల్లలు బెత్తం దెబ్బలు తిన్నారు. యింట్లో నిఘంటువున్న పిల్లవాడికీ, లేని పిల్లవాడికీ మధ్య గీత అది. గిడుగు రామమూర్తి వ్యావహారిక వాదాన్ని మనం వాక్యానికి సంబంధించిన పోరాటంగా చదువుతాం. అది అక్షరానికి సంబంధించిన పోరాటం కూడా.

వలపలగిలక చరిత్ర వేరు. ధర్మ అనే మాటలో రకారం ముందు పలుకుతుంది. పాత అచ్చులో మ వేసి, దాని వలపల, అంటే కుడిపక్కన, రకారానికి ఒక గిలక పెట్టేవాళ్లు. వినేది ముందు, కనిపించేది వెనక. 20వ శతాబ్దిలో అది అచ్చులోంచి జారిపోయింది. దానికోసం ఎవరూ ఉద్యమం చేయలేదు, ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు. తెలుగు అంకెలు కూడా అలాగే పోయాయి. కరణాల లెక్కల్లో పాతిక, వీసం భిన్నాలకు వాడిన గుర్తులు వాటితోపాటే పోయాయి. ఆ గుర్తులు చదవగలిగినవాడి చేతిలో రైతు భూమి వుండేదన్న సంగతి గుర్తుపెట్టుకుంటే, వాటి సొగసు కాస్త తగ్గి కనిపిస్తుంది.

ఇక్కడ కవుల కోసం ఒక మాట. తాటాకు ప్రతిలో పద్యం నాలుగు పాదాలుగా వుండదు. ఆకు ఎంత పొడుగుంటే అంత పొడుగునా, మాటకూ మాటకూ ఎడం లేకుండా సాగిపోతుంది. పాదం ఎక్కడ విరుగుతుందో చెవికి తెలియాలి, యతిప్రాసలు చెప్పాలి. పద్యాన్ని నాలుగు వరుసలుగా పేర్చింది అచ్చుకూటం. పాదం కంటికి కనిపించడం మొదలైన తర్వాతే, యతిప్రాసలు లేకపోయినా వరుస విరిస్తే కవిత్వమని గుర్తుపట్టే చదువరి తయారయ్యాడు. కుందుర్తి ఉద్యమంగా నడిపిన వచన కవిత్వానికి విట్మన్‌నూ, ఇతర పాశ్చాత్యుల్నీ మూలపురుషులుగా చెప్పే మన విమర్శకులు, వరుస చివర ఖాళీ పేర్చిన కంపోజిటర్‌ని కూడా ఆ వంశవృక్షంలో చేర్చాలని నా వాదన.

కంపోజిటర్ అనే మాట యిప్పటి ఎమ్మే విద్యార్థులకు తెలియకపోవచ్చు. ఇంగ్లీషుకు అక్షరాల కేసు ఒక బల్ల మీద సర్దుకుంటుంది. తెలుగుకు గది గోడలు కావాలి. క, కా, కి, కీ, కు వేటికవి పోతలు. వత్తులు విడిగా, క్రారవడి విడిగా. మొత్తం కొన్ని వందల గళ్లు. ఏ గడిలో ఏది వుందో చూడకుండా చెయ్యి వెళ్లాలి. స్టిక్కులో తలకిందులుగా పేర్చి, గేలీలోకి ఎత్తి, ప్రూఫు తీసి, దిద్ది, ఫారం బిగించి, ట్రెడిల్ తొక్కి, ఆ తర్వాత అక్షరాలన్నీ మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయాలి. రోజంతా చేతికి సీసం. నా చిన్నప్పుడు మా వూళ్లో పెళ్లి శుభలేఖలు వేసే ప్రెస్సులో ఒక ముసలాయన వుండేవాడు. 'క్షీ' రెండే వున్నాయి, మూడోది కావాలంటే మాట మార్చుకోండి, అని వూరి కవిగారికి చెప్పేవాడు. కవిగారు గొణుగుతూ మార్చేవాడు. తెలుగు కవిత్వంలో యిలా మారిన మాటలెన్నో ఏ పరిశోధకుడూ లెక్కపెట్టలేడు.

1966లో అధికార భాషా చట్టం వచ్చాక అసలు పరీక్ష టైపు మిషనుకు వచ్చింది. తొంభై పైచిలుకు గుర్తులు పట్టే యంత్రంలో వందల రూపాలెలా యిమిడేది? అక్షరాన్ని ముక్కలు కోసి, తలకట్టు ఒక మీటకు, కొమ్ము ఒక మీటకు, వత్తు ఒక మీటకు పంచారు. అలా వచ్చిన రాత చూసి లిపినే సంస్కరించాలన్న వాదన బలపడింది. వత్తులు తీసేద్దాం, పొల్లు పెట్టి పక్కపక్కన రాద్దాం, అసలు రోమన్ లిపికే పోదాం అన్నవాళ్లున్నారు. వాళ్లలో మన అభ్యుదయవాదులూ వున్నారు. వాళ్ల వుద్దేశాన్ని నేను శంకించను; అక్షరాస్యత త్వరగా రావాలన్నదే వాళ్ల ఆరాటం. కాని ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. తమిళంలో పెరియార్ సూచించి 1935లో తన పత్రికలోనే అమలు జరిపిన మార్పుల్ని అక్కడి ప్రభుత్వం 1978లో తీసుకుంది. అవి ఒక గుణింతంలో అడ్డదిడ్డంగా వున్న రూపాల్ని ఒక క్రమంలోకి తెచ్చాయి. చదువరికి మేలు చేశాయి, నిలిచాయి. కేరళ 1971లో టైపు మిషను కోసం, అచ్చు సౌకర్యం కోసం సంయుక్తాక్షరాల్ని విరగ్గొట్టింది. ముప్ఫయ్యేళ్లు తిరగకుండా కంప్యూటర్ వచ్చి, ఎన్ని సంయుక్తాక్షరాలైనా సరే అంది. 1999లో 'రచన' పేరుతో కొందరు పాత లిపిని మళ్లీ తెచ్చారు. ఇప్పుడక్కడ పిల్లలు బడిలో ఒక రూపం, పుస్తకంలో మరో రూపం చూస్తున్నారు. చదువరి కోసం లిపి మారడం వేరు, యంత్రం కోసం మారడం వేరు. యంత్రం ఆయుష్షు తక్కువ.

అచ్చుకూటం అందని వాళ్లు, అచ్చుకూటానికి తాళం వేయబడ్డవాళ్లు ఏం చేశారన్నది మరో కథ. నిషేధాల కాలంలో రహస్య పత్రికలు సైక్లోస్టయిల్ మీద నడిచాయి. మైనపు కాగితం మీద మొన కలంతో రాయాలి. ఇక్కడ మన గుండ్రదనం అడ్డం తిరిగింది. తాటాకు మీద తిన్నని గీత ఆకును చీలిస్తే, స్టెన్సిల్ మీద చిన్న సున్న చుట్టూ గట్టిగా గీస్తే మధ్యముక్క వూడిపోయి సిరాముద్దగా పడుతుంది. అందుకని ఆ కాగితాల్లో అక్షరాలు కాస్త విచ్చుకుని, పెద్దవిగా వుంటాయి. గోడరాతల అక్షరం మరొకటి: చీపురు కుంచె, జాజు, చీకట్లో రెండు నిమిషాల వ్యవధి. ఈ అక్షరాలకు నమూనాలు పోగుచేసిన మ్యూజియం లేదు. బాపు చేతిరాతకు దక్కిన ఆదరణ దక్కవలసిందే. అచ్చు పోతలు మర్చిపోయిన కదలికను ఆయన మళ్లీ అక్షరంలోకి తెచ్చాడు. మోహన్ కుంచె బ్యానర్ల మీద చేసిన పని గురించి కూడా అంత వివరంగా ఎవరైనా రాయాలి.

మన లిపి ఇతరుల మీద చేసిన పని కూడా వుంది. గోండి, కోయ మాట్లాడే పిల్లలకు తెలుగక్షరమే అక్షరమని చెప్పాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండులు తమ సొంత లిపిలో రాసుకున్న ప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అరసున్న కోసం పోట్లాడిన మన పండితులకు ఆ లిపి సంగతి తెలియనే తెలియదు.

కంప్యూటర్ వచ్చిన తొలి యిరవయ్యేళ్లలో ప్రతి పత్రికకూ, ప్రతి డీటీపీ కంపెనీకీ సొంత ఫాంటు, సొంత సంకేతాలు. ఒకరి ఫైలు మరొకరి మిషన్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు గళ్లు కేటాయించినా, విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా మామూలు మనిషికి అది అందలేదు. పోతన, వేమన పేర్లతో దేశికాచారి ఉచితంగా యిచ్చిన ఫాంట్లు ఆ రోజుల్లో చాలామందికి దిక్కయ్యాయి. పాత అచ్చులో కనిపించే నకారపొల్లుకు 2021లో గాని గడి దొరకలేదు; అంతవరకూ పాత పుస్తకాన్ని వున్నదున్నట్టు ఎక్కించడానికే వీల్లేదు. తర్వాత ప్రభుత్వ సహాయంతో వరుసగా ఉచిత ఫాంట్లు వచ్చాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయలు, గురజాడ, గిడుగు, ఎన్టీఆర్ - ఇవీ వాటి పేర్లు. రాజులున్నారు, కవులున్నారు, ముఖ్యమంత్రి వున్నాడు. గండాచార్యుడు లేడు, కర్మకార్ లేడు.

పేర్ల సంగతి అలా వుంచి, అత్యవసరమైన పని ఒకటుంది. 1990 నుంచి 2010 దాకా వచ్చిన చిన్న పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు చాలావరకు ఆ పాత సొంత సంకేతాల ఫైళ్లలోనే వున్నాయి. ఆ ఫాంట్లు నడిచే మిషన్లు తుక్కుకు పోతున్నాయి. ఫైలు మిగిలినా చదివే సంకేతం మిగలదు. మార్చే పరికరాలు కొన్ని వున్నాయి. మార్చాక స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి లాంటి మాటల దగ్గర వత్తులు తారుమారవుతాయి గనక మనిషి కూర్చుని అక్షరం అక్షరం దిద్దాలి. కాబట్టి పత్రికలు నడిపిన మిత్రులు తమ దగ్గర ఏ సంచికలు ఏ ఫాంటులో వున్నాయో ముందుగా ఒక జాబితా రాసి పెట్టాలి. తాటాకు ప్రతి మూడు వందల యేళ్లు ఆగింది. ఈ ఫైళ్లు ముప్ఫయ్యేళ్లు కూడా ఆగేలా లేవు.